ఆక్టేవియా 1.8 టీఎస్ఐకి ఎగ్జాస్ట్ మార్పులు: ఏళ్ల వాడకం తర్వాత

టర్బో కారుకు ఎగ్జాస్ట్ మార్పించేవాళ్లలో ఎక్కువమంది డబ్బంతా వెనకభాగానికే పోస్తారు. బంపరు కింద మెరిసే గొట్టాలు, పక్క వీధి దాకా మోగే చప్పుడు, ఫొటోలో కనిపించే బ్రాండు పేరు. ఇంజనుకు నిజంగా కలిసొచ్చేది మాత్రం ఎవరి కంటికీ ఆనని ముందుభాగం, టర్బోను (పొగ తోపుడుతో తిరుగుతూ ఇంజనుకు అదనపు గాలి ఎక్కించే చక్రాన్ని) ఆనుకుని కిందికి దిగే మొదటి మీటరు గొట్టం, అంటే డౌన్‌పైప్. మిగతాదంతా చెవులకు సంబంధించిన వ్యవహారం. ఒకే కారును వేర్వేరు అమరికలతో ఏళ్ల తరబడి నడిపాక నేను తేల్చుకున్నది ఇదే.

కారు స్కోడా ఆక్టేవియా 1.8 టీఎస్ఐ. 2017లో ముఖం మారాక వచ్చిన రకం, ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్). కంపెనీ చెప్పే లెక్క 180 పీఎస్, 250 న్యూటన్ మీటర్ల టార్క్. హైదరాబాద్‌లోనే ఒకరు వాడినదాన్ని కొన్నాను. అప్పటికే దానికి ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటర్) ట్యూనింగ్ చేయించి ఉన్నారు. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్) అసలే లేని మూడంగుళాల డౌన్‌పైప్, అక్కడి నుంచి వెనక దాకా మోత తగ్గించే రెసొనేటర్ కూడా లేని ఖాళీ గొట్టం, చివర్లో పేరుకొక చిన్న సైలెన్సర్. అలాగే కొంతకాలం నడిపాను. తర్వాత కంపెనీ డౌన్‌పైప్ ఒకటి సంపాదించి కొన్ని నెలలు వేసి చూశాను. ఇప్పుడున్నది 200 సెల్ మెటల్ క్యాట్‌తో మూడంగుళాల డౌన్‌పైప్, రెండున్నర అంగుళాల మధ్య గొట్టం, దాంట్లో పొడవాటి రెసొనేటర్, చివర కంపెనీ సొంత సైలెన్సర్.

ఈ ఇంజను గురించి ముందే తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. ఇది మూడో తరం ఈఏ888 ఇంజను, దీంట్లో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను ఒకచోట కలిపే భాగం) విడిగా ఉండదు. దాన్ని సిలిండర్ హెడ్‌లోనే కలిపి పోతపోసి, చుట్టూ కూలంట్ తిరిగేలా చేశారు. టర్బో నేరుగా హెడ్‌కే బిగుస్తుంది. కాబట్టి ఈ కారుకు హెడర్స్ (మానిఫోల్డ్ బదులు వేసే విడి గొట్టాలు) వేస్తామని ఎవరైనా అన్నారంటే, ఆయన ఎప్పుడూ ఆ బానెట్ ఎత్తి చూడలేదని అర్థం. ఒక దుకాణంలో నాకు ధర కూడా చెప్పారు, పైగా పండగ తగ్గింపు.

టర్బో లేని ఇంజన్లలో గొట్టాల పొడవుకు, వ్యాసానికి ఒక లెక్క ఉంటుంది. ఒక సిలిండర్ వదిలిన పొగ అల, తర్వాతి సిలిండర్ ఖాళీ కావడానికి సాయపడాలి. టర్బో ఉన్న కారులో ఆ అలలు టర్బైన్ చక్రం దగ్గరే చాలావరకు చెదిరిపోతాయి. చక్రానికి కావలసింది ఒత్తిడిలో తేడా, అంటే తన ముందు ఎక్కువ, తన వెనక తక్కువ. ఆ తేడా ఎంత పెరిగితే చక్రం అంత త్వరగా వేగం అందుకుంటుంది. "కాస్త బ్యాక్‌ప్రెషర్ లేకపోతే టార్క్ పోతుంది" అన్న పాతమాట బైకుల కాలం నుంచి గ్యారేజీల్లో తిరుగుతోంది. పొగకు ఎదురొత్తిడి ఉండాలన్న ఆ మాట టర్బో వెనక గొట్టానికి చెల్లదు.

స్కానర్ తగిలించి, ఒకే రోడ్డు మీద, ఒకే గేర్‌లో తీసిన లాగ్‌లు (ఇంజను కొలతల రికార్డులు) నా దగ్గర ఉన్నాయి. కంపెనీ డౌన్‌పైప్ తీసి మూడంగుళాలది వేసినప్పుడు, ఈసీయూ అడిగిన బూస్ట్ (టర్బో ఎక్కించే గాలి ఒత్తిడి) కొన్ని వందల ఆర్‌పీఎం ముందే అందింది. పై ఆర్‌పీఎంలో అదే బూస్ట్‌కు వేస్ట్‌గేట్ (మిగులు పొగను టర్బో చక్రం పక్కనుంచి వదిలే తలుపు) మునుపటికంటే ఎక్కువ తెరుచుకుని ఉంది. అంటే టర్బో తక్కువ శ్రమతో అదే పని చేస్తోంది. క్యాట్ లేని గొట్టానికీ 200 సెల్ క్యాట్ ఉన్నదానికీ మధ్య తేడా లాగ్‌లో వెతికితే దొరుకుతుంది, కారులో కూర్చుంటే దొరకదు. వెనక ఖాళీ గొట్టం తీసి కంపెనీ సైలెన్సర్ పెట్టినప్పుడు మాత్రం లాగ్‌లో నేను గుర్తించగలిగిన మార్పేదీ లేదు. ఇంట్లో మార్పు ఉంది, దాని గురించి తర్వాత.

డౌన్‌పైప్‌కు తగ్గట్టు ట్యూనింగ్ కూడా మారాలి. ఇక్కడే ఈ కారు బలహీనత బయటపడుతుంది. 1.8తో వచ్చే డీక్యూ200 గేర్‌బాక్స్‌లో పొడి క్లచ్‌లు ఉంటాయి. దాన్ని 250 న్యూటన్ మీటర్ల టార్క్ కోసం తయారు చేశారు, కంపెనీ ఇంజనుకు ఇచ్చిన టార్క్ కూడా అంతే. ముందు యజమాని చేయించిన ట్యూనింగ్‌లో కింది ఆర్‌పీఎంలోనే టార్క్ గోడలా లేచేది, ఐదో గేర్‌లో తొక్కితే క్లచ్ జారేది. నేను దాన్ని మార్పించి, కింద టార్క్ తగ్గించి, బలాన్ని పై ఆర్‌పీఎంకు జరిపించాను. మంచి డౌన్‌పైప్ అసలు ప్రయోజనం పై ఆర్‌పీఎంలోనే కనిపిస్తుంది కాబట్టి ఈ బేరంలో పెద్దగా పోయింది లేదు. ఆక్టేవియాలోనే ఎక్కువ బలమున్న వీఆర్ఎస్ రకం ఉన్నవాళ్లకు నూనెలో మునిగే క్లచ్‌లు ఉంటాయి, వాళ్లకు ఇంత భయం అక్కర్లేదు.

ఇక క్యాట్. దీని మీద నా అభిప్రాయంలో మొహమాటం లేదు. క్యాట్ లేని కారు వాసన వేస్తుంది. ఉదయం సెల్లార్‌లో స్టార్ట్ చేస్తే కళ్లు మండేవి, సిగ్నల్ దగ్గర అద్దం దించితే పచ్చి పెట్రోలు కంపు లోపలికి వచ్చేది. పొల్యూషన్ పరీక్షలోనూ గట్టెక్కదు. బీఎస్4 పెట్రోలు కారుకు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం మించకూడదు. 2500 ఆర్‌పీఎం దగ్గర కార్బన్ మోనాక్సైడ్ 0.2 శాతానికి లోపే ఉండాలి. యంత్రంలో నిజంగా గొట్టం పెట్టి కొలిస్తే క్యాట్ లేనివాళ్లు ఆ అంకెలను దూరం నుంచి చూడవలసిందే. నేను 200 సెల్ క్యాట్ వేయించాక, ఇంజను బాగా వేడెక్కాక తీసుకెళ్తే ప్రతిసారీ పాసైంది. చల్లగా ఉన్నప్పుడు వెళ్తే ఫలితం దోబూచులాడుతుంది.

కంపెనీ క్యాట్‌లో సెల్స్ దట్టంగా ఉంటాయి, లోపలిది పింగాణీ. 200 సెల్ అంటే చదరపు అంగుళానికి రెండు వందల రంధ్రాలు. పొగకు దారి సులువు, శుద్ధి చేసే ఉపరితలం తక్కువ. అందుకే వెనక ఆక్సిజన్ సెన్సర్‌కు అనుమానం వచ్చి పీ0420 కోడ్‌తో ఇంజను దీపం వెలిగించడం మామూలే. నాకు చలికాలంలో, హైవే మీద తక్కువ లోడ్‌తో గంటలు గంటలు వెళ్లినప్పుడు అప్పుడప్పుడు వచ్చింది. ఈ కోడ్‌ను ట్యూనింగ్‌లో నొక్కేయమని చాలామంది సలహా ఇస్తారు. నేను నొక్కలేదు. క్యాట్ నిజంగా చచ్చిన రోజున చెప్పేది ఆ దీపం ఒక్కటే. యాక్సిలరేటర్ వదలగానే టపాసుల్లా పేలేలా ట్యూనింగ్ చేయించుకునేవాళ్లకు ఇంకో మాట: ఆ పేలుళ్లలో మండేది మీ క్యాటే. వినడానికి కూడా అది కారులా ఉండదు, పెళ్లి ఊరేగింపులా ఉంటుంది.

లోహం గురించి కాస్త నిలబడి మాట్లాడాలి, మన దగ్గర మోసం ఎక్కువ జరిగేది ఇక్కడే. ప్రతి దుకాణంలోనూ "ఎస్ఎస్ 304 సార్, మాగ్నెట్ పెట్టి చూసుకోండి" అంటారు. అయస్కాంతం అంటుకోకపోతే 304 అని మనకు నమ్మకం. కానీ గేట్లకు, మెట్ల రెయిలింగ్‌లకు వాడే చవక 202 రకానికీ అయస్కాంతం అంటుకోదు. 304లో దాదాపు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202లో నికెల్ తగ్గించి మాంగనీస్ కలుపుతారు. బయటికి రెండూ ఒకేలా మెరుస్తాయి. స్టీల్ రెయిలింగ్‌లు చేసే దుకాణాల్లో చిన్న బ్యాటరీతో పరీక్షించే చుక్కల మందు ఉంటుంది. మాంగనీస్ ఎక్కువున్న 202 మీద వేస్తే ఎర్రబడుతుంది. గొట్టం వెల్డింగ్‌కు వెళ్లకముందే ఆ చుక్క వేయించండి. నేను అడిగినప్పుడు వెల్డర్ నొచ్చుకోలేదు, "ఇలా అడిగేవాళ్లు లేకే కదా సార్, అందరూ అదే అమ్ముతున్నారు" అన్నాడు.

విచిత్రమేమిటంటే కార్ల కంపెనీలు ఎక్కువగా వాడేది 409 రకం. దానికి అయస్కాంతం అంటుకుంటుంది, పైన ఎర్రటి తుప్పు కూడా పడుతుంది, అయినా ఏళ్ల తరబడి ఉంటుంది. కారణం వ్యాకోచం. మీటరు పొడవున్న 304 గొట్టం 500 డిగ్రీలు వేడెక్కితే ఎనిమిది, తొమ్మిది మిల్లీమీటర్లు సాగుతుంది. 409 ఆరు మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది. ఆ తేడాను ఎక్కడో ఒకచోట భరించాలి. మధ్యలో సరైన ఫ్లెక్స్ గొట్టం (వంగి సాగే ముక్క) లేకపోతే ఆ భారం వెల్డింగ్ అతుకుల మీద పడి పగుళ్లు వస్తాయి. పాత డౌన్‌పైప్ ఫ్లాంజ్ (బోల్టులు బిగించే అంచు) దగ్గర సరిగ్గా అలాగే చీలింది. ఆ చీలిక నుంచి గాలి లోపలికి పీల్చుకుని వెనక సెన్సర్ తప్పుడు లెక్కలు చెప్పేది. లోపల ఏం జరుగుతోందో తెలియక ముందు యజమాని సెన్సర్లే మార్పించాడట.

అందుకే డౌన్‌పైప్ చేతికి తీసుకున్నప్పుడు నేను ముందు చూసేది పేరు కాదు, ఫ్లెక్స్. లోపల కూడా లోహపు తొడుగు ఉన్నదే తీసుకోవాలి. బయట జాలీ, లోపల ఒట్టి ముడతల రేకు ఉన్నవి మన స్పీడ్‌బ్రేకర్లకు నిలవవు. తర్వాత వెల్డింగ్ లోపలివైపు వేలు పెట్టి చూస్తాను. వెల్డింగ్ చేసేటప్పుడు గొట్టం లోపల కూడా ఆర్గాన్ నింపితే అతుకు నున్నగా ఉంటుంది, నింపకపోతే నల్లగా గరుకుగా గడ్డకడుతుంది. ఆ గరుకు దగ్గరే తర్వాత తుప్పు మొదలవుతుంది. వంపుల దగ్గర గొట్టం నొక్కుకుపోయి ఉంటే మూడంగుళాలు అన్న మాటకు అర్థమే లేదు. టర్బో దగ్గర బిగించే వీ-బ్యాండ్ క్లాంప్, గ్యాస్కెట్ మాత్రం కంపెనీవే, కొత్తవే వాడండి. అక్కడ ఆదా చేసే డబ్బు, మళ్లీ విప్పడానికి ఇచ్చే కూలికి చాలదు.

వేడి బయటికి తగలకుండా డౌన్‌పైప్‌కు గుడ్డపట్టీ చుట్టమని చెప్పేవాళ్లు ఉన్నారు. వానాకాలంలో నీళ్లు దాంట్లో ఇంకి, గొట్టాన్ని పట్టుకుని కూర్చుంటాయి. నేను సెరామిక్ పూత వేయించాను, స్టీరింగ్ ర్యాక్ వైపు వేడిని ఆపే రేకు కవచాన్ని తీయకుండా ఉంచాను. ఇప్పటివరకు ఫిర్యాదు లేదు.

వెనకభాగం. ఖాళీ గొట్టంతో ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్లడం ఒక శిక్ష. నాలుగు సిలిండర్ల ఇంజను ఒక్కో చుట్టుకు రెండుసార్లు పేలుతుంది. గంటకు 100 కిలోమీటర్ల దగ్గర ఈ కారు ఏడో గేర్‌లో దాదాపు 2000 ఆర్‌పీఎంలో ఉంటుంది, అంటే 67 హెర్ట్జ్ దగ్గర ఒక గుయ్‌మనే మోత. 120కి వెళ్తే అది 80కి చేరుతుంది. ఆ శ్రేణిలో శబ్దం చెవులకంటే తలకు తగులుతుంది. విజయవాడ చేరేసరికి నా భార్య, "వచ్చేటప్పుడు నేను బస్సులో వస్తానండీ" అంది, అదీ నవ్వకుండా. ఒక చివర మూసిన పక్కగొట్టం అతికించి ఆ మోతను చంపవచ్చు. వేడి పొగలో శబ్దవేగం లెక్కేస్తే 80 హెర్ట్జ్‌కు మీటరు దాటిన పొడవు కావాలి. కారు కింద అంత చోటు వెతకడం కంటే పొడవాటి రెసొనేటర్, కంపెనీ సైలెన్సర్ చాలా సులువు. అవి పడ్డాక మోత పోయింది. గట్టిగా తొక్కినప్పుడు మాత్రం కింది నుంచి ఒక లోతైన గొంతు వినిపిస్తుంది, అది నాకు చాలు. అపార్ట్‌మెంట్‌లో పెద్దాయన ఒకరు "బాబూ, కారు అమ్మేశావా?" అని అడిగారు.

లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఆఫీసుకు పది నిమిషాల ప్రయాణాలే చేస్తే ఆ నీరు ఆవిరి కాకుండా సైలెన్సర్ అడుగున నిలుస్తుంది. మార్కెట్లో కొనే సైలెన్సర్‌లో ఉండే గాజు పీచు తడిసి, కాలి, కొన్నేళ్లకు ఊడి బయటికి వస్తుంది, చప్పుడు పెరుగుతుంది. వారానికొకసారి ఊరు దాటించి బాగా వేడెక్కిస్తే ఆయుష్షు పెరుగుతుంది. శ్రీశైలం ఘాట్ ఇందుకు మంచి సాకు.

చట్టం సంగతి దాచిపెట్టి సమీక్ష రాయడం న్యాయం కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే నిలబెట్టింది. శబ్ద, వాయు కాలుష్య నిబంధనలు మీరితే 190వ సెక్షన్ కింద పది వేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. క్యాట్ ఉన్నంత మాత్రాన నా డౌన్‌పైప్ చట్టబద్ధం అయిపోదు. ఏదైనా ప్రమాదం జరిగితే బీమా వాళ్లు దీన్నే పట్టుకోవచ్చు. కంపెనీ భాగాలన్నీ అందుకే అటక మీద భద్రంగా ఉన్నాయి. కారు అమ్మేటప్పుడు అవే బిగించి అమ్ముతాను.

ధర విషయానికొస్తే, మిల్‌టెక్ లాంటి విదేశీ పూర్తి సెట్లు ఈ కారుకు చక్కగా అతుకుతాయి. సుంకం, రవాణా కలిపితే మాత్రం సగటు మనిషి గుండె ఆగుతుంది. నేనైతే ఆ డబ్బులో మంచి డౌన్‌పైప్, నమ్మకమైన ట్యూనింగ్, ఇంకా మిగిలితే కొత్త క్లచ్ ప్యాక్ కొంటాను. మధ్య గొట్టం, రెసొనేటర్ చేతిపని తెలిసిన వెల్డర్ దగ్గర చేయిస్తే చాలు. రబ్బరు హ్యాంగర్లు కంపెనీవే ఉంచండి. గట్టి పాలీయురేథేన్‌వి వేస్తే వణుకంతా సీటులోకి వస్తుంది.

1.0 టీఎస్ఐ పోలో, స్లావియా ఉన్నవాళ్లు నన్ను అడుగుతుంటారు. ఆ ఇంజనులో క్యాట్ టర్బోకు దగ్గరగానే బిగించి ఉంటుంది, బీఎస్6 నియమాలు కూడా కఠినం. ముందుభాగం ముట్టుకోవద్దు. ట్యూనింగ్ కావాలంటే కంపెనీ ఎగ్జాస్ట్‌తోనే స్టేజ్ 1 (భాగాలు మార్చకుండా చేసే ట్యూనింగ్) దగ్గర ఆగండి. చప్పుడు మాత్రమే కావాలంటే స్పీకర్లు చవక.