బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్: తల పండినవాడు మేలా, కుర్రాడు మేలా?

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో దాడిని నడిపేవాడు క్వార్టర్‌బ్యాక్. అతను గాయపడితే దిగడానికి బ్యాకప్‌గా, అంటే రెండో క్వార్టర్‌బ్యాక్‌గా జట్టు ఎవరిని పెట్టుకోవాలి? పదేళ్లు ఆడి తల పండినవాణ్నా, డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట) చవకగా దొరికిన కుర్రాణ్నా? ఈ ఏడాదే సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) దాకా వెళ్లగల జట్టయితే నా ఓటు అనుభవానికే. అయితే వయసొక్కటే చాలదు. ఆ కోచ్ ఆడించే పద్ధతి అతనికి ముందే వంటబట్టి ఉండాలి.

అసలు ఇబ్బందంతా ప్రాక్టీసులోనే ఉంది. సీజన్ మొదలయ్యాక వారంలో దొరికే కాస్త ప్రాక్టీసులో మొదటి జట్టుతో ఆడే అవకాశం దాదాపుగా స్టార్టర్‌కే, అంటే మొదటి క్వార్టర్‌బ్యాక్‌కే వెళ్తుంది. బ్యాకప్ పక్కన నిలబడి చూస్తాడు, లేదా వచ్చే వారం ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌లా ఆడుతూ సొంత డిఫెన్స్‌కు ప్రాక్టీసు ఇస్తాడు. అలాంటివాణ్ని ఆట మధ్యలో ఉన్నపళంగా దింపాల్సి వస్తుంది. ఎన్నో ఏళ్లుగా రకరకాల డిఫెన్సులను చూసినవాడు ఆ జ్ఞాపకంతో నెట్టుకొస్తాడు. కుర్రాడి దగ్గర ఆ నిల్వ ఉండదు.

2023 సీజన్‌లో ఇది కళ్లకు కట్టింది. న్యూయార్క్ జెట్స్ ఆశలన్నీ స్టార్టర్ ఆరన్ రాడ్జర్స్ మీదే పెట్టుకుంది. మొదటి మ్యాచ్‌లో నాలుగు ప్లేలు (ఎత్తులు) ఆడాడో లేదో, అతని మడమ వెనకుండే అకిలీస్ నరం తెగింది. వెనక ఉన్నది జాక్ విల్సన్. 2021 డ్రాఫ్ట్‌లో రెండో పిక్‌గా (ఎంపికగా) వచ్చి, అప్పటికే తడబడుతున్న కుర్రాడు. మంచి డిఫెన్స్ ఉండి కూడా జట్టు 7 గెలిచి 10 ఓడింది. అంతకుముందు మూడు సీజన్లు అదే జెట్స్‌లో ఉన్న అనుభవజ్ఞుడైన క్వార్టర్‌బ్యాక్ జో ఫ్లాకో ఆ సెప్టెంబరులో ఏ జట్టూ లేకుండా ఇంట్లో ఉన్నాడు. జెట్స్ పిలవలేదు.

నవంబరులో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ పిలిచింది. స్టార్టర్ డెషాన్ వాట్సన్ గాయపడ్డాక రూకీ (మొదటి ఏడాది ఆటగాడు) డోరియన్ థాంప్సన్-రాబిన్సన్‌ను ఆడించి చూసి, 38 ఏళ్ల ఫ్లాకోను తెచ్చుకుంది. అతను ఆడిన 5 మ్యాచ్‌ల్లో 4 గెలిచింది. ప్లేఆఫ్స్ (నాకౌట్ దశ) ఖాయమైంది ఎవరి మీద గెలిచో తెలుసా? జెట్స్ మీదే, 37-20తో. సోఫా మీంచి లేచొచ్చాడని అందరూ మురిసిపోయారు కానీ, అది అద్భుతమేమీ కాదు. 2014లో రేవెన్స్ జట్టులో ఫ్లాకోను ఆడించింది కోచ్ గ్యారీ కూబియాక్. అదే కూబియాక్ 2019లో మిన్నెసోటాలో కెవిన్ స్టెఫాన్‌స్కీకి సలహాదారు. ఆ స్టెఫాన్‌స్కీయే 2023లో బ్రౌన్స్ కోచ్. అంటే ఫ్లాకోకు ఆ పద్ధతి చాలావరకు తెలిసినదే.

2017 సీజన్‌లో ఈగిల్స్ జట్టుకు సూపర్ బౌల్ తెచ్చిన నిక్ ఫోల్స్ కథా ఇలాంటిదే. స్టార్టర్ కార్సన్ వెంట్జ్ డిసెంబరులో మోకాలి గాయంతో తప్పుకున్నాడు. ఫోల్స్ వచ్చి ఫైనల్లో 41-33తో పేట్రియాట్స్‌ను ఓడించాడు. అతను 2012లో అదే జట్టులో రూకీగా ఉన్నప్పుడు క్వార్టర్‌బ్యాక్ కోచ్ ఎవరంటే, 2017 నాటి హెడ్ కోచ్ డగ్ పీడర్సనే.

అనుభవజ్ఞులకు లోపాలు లేవని కాదు. ఫ్లాకో ఆ 5 మ్యాచ్‌ల్లో 8 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి చేతికి చిక్కిన పాస్‌లు) ఇచ్చాడు. ప్లేఆఫ్స్‌లో టెక్సాన్స్ మీద రెండు ఇంటర్‌సెప్షన్లు నేరుగా ప్రత్యర్థికి టచ్‌డౌన్లయ్యాయి (గోల్ గీత దాటి చేసే స్కోరు), 45-14తో ఇంటిదారి పట్టారు. పైగా పేరున్న బ్యాకప్‌కు ఏడాదికి కొన్ని మిలియన్ డాలర్లు ఇవ్వాలి. శాలరీ క్యాప్ (జట్టు మొత్తం జీతాలకు పరిమితి) ఉన్న చోట ఆ డబ్బుతో ముందు వరుసలో నిలిచే ఓ మంచి లైన్‌మన్ వస్తాడు.

కుర్రాడి పక్షాన చెప్పగల గట్టి మాట బ్రాక్ పర్డీ. 2022 డ్రాఫ్ట్‌లో 262వ, అంటే చిట్టచివరి పిక్. ట్రే లాన్స్, జిమ్మీ గరాపలో ఒకరి తర్వాత ఒకరు గాయపడితే వచ్చి, ఫార్టీనైనర్స్‌ను ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్ (సూపర్ బౌల్‌కు ముందటి మ్యాచ్) దాకా నడిపాడు. అప్పట్లో అతని జీతం పది లక్షల డాలర్లు కూడా లేదు! కానీ చుట్టూ మకాఫ్రీ, కిటిల్, డీబో శామ్యూల్ లాంటి స్టార్లు ఉండేవారు, ప్లేలు పిలిచింది హెడ్ కోచ్ కైల్ షానహన్. అందరికీ ఆ వసతి ఉండదు. ఆ ఫైనల్లో పర్డీ మోచేయి దెబ్బతింటే వచ్చిన జాష్ జాన్సన్ 36 ఏళ్ల అనుభవజ్ఞుడే, అయినా జట్టులో చేరి రెండు నెలలు కూడా కాలేదు. అతనూ తలకు దెబ్బతగిలి తప్పుకున్నాడు, 31-7తో ఓడారు. తర్వాత అత్యవసరానికి మూడో క్వార్టర్‌బ్యాక్‌ను సిద్ధంగా ఉంచుకోవచ్చని 2023లో నిబంధన మార్చారు.

జట్టును కొత్తగా కట్టుకుంటున్నవాళ్లకు మాత్రం కుర్రాడే మేలు. నాలుగు మ్యాచ్‌లు ఓడినా అతని సత్తా తెలుస్తుంది. 2020లో ఈగిల్స్ రెండో రౌండ్‌లో జేలెన్ హర్ట్స్‌ను వెంట్జ్ వెనక తీసుకుంటే చాలామంది మండిపడ్డారు. ఆ హర్ట్సే తర్వాత వాళ్లకు సూపర్ బౌల్ గెలిచిపెట్టాడు.

స్టార్టర్ రేవెన్స్ క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్‌లా పరిగెత్తేవాడైతే లెక్క వేరు. ప్లేబుక్ అంతా అతని కాళ్లను నమ్ముకుని రాసి ఉంటుంది. కదలని అనుభవజ్ఞుణ్ని తెస్తే మిగతా పదిమంది ఆటా మార్చాలి. అందుకే రేవెన్స్ డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని టైలర్ హంట్లీని పెట్టుకుంది. 2022 సీజన్ ప్లేఆఫ్స్‌లో స్కోరు 17-17 దగ్గర ఉండగా గోల్ గీత ముందు అతను బంతి జారవిడవడం, ప్రత్యర్థి బెంగాల్స్ ఆటగాడు సామ్ హబ్బర్డ్ దాన్ని అందుకుని 98 గజాలు పరిగెత్తడం చూసి హంట్లీ ఎంపికే తప్పన్నారు. నేను ఒప్పుకోను. లమార్ లేకుండా సిన్సినాటి మైదానంలో నాలుగో క్వార్టర్‌లో బెంగాల్స్‌తో సమానంగా నిలబెట్టింది కూడా ఆ హంట్లీయే.