విమోచన వేదాంతమా, ఆర్థికాభివృద్ధా: పేదరికానికి ఏది మేలు?

దేశం ముందు సంపద పెంచుకోవాలా, పేదలు ముందు సంఘం కట్టాలా? ఈ రెండు దారులూ ఒకే కాలంలో ఎదురెదురుపడ్డ చోటు బ్రెజిల్.

అక్కడ 1964లో సైన్యం గద్దెనెక్కింది. 1968 నుంచి 1973 దాకా ఆర్థిక వ్యవస్థ ఏటా సగటున 10 శాతానికి పైగా పెరిగింది. రోడ్లు, ఫ్యాక్టరీలు వచ్చాయి. ముందు కేకు పెద్దది కానివ్వండి, తర్వాత పంచుదాం అన్నది పాలకుల వాదన. ఆ పంపకం మాత్రం జరగలేదు. 1960, 1970 జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆదాయాల్లో తేడా ఇంకా పెరిగింది. కార్మిక సంఘాల నోరు నొక్కేశాక వాటా అడిగేదెవరు?

అదే 1968లో కొలంబియాలోని మెడెయిన్‌లో లాటిన్ అమెరికా బిషప్పులు సమావేశమై, పేదరికం విధిరాత కాదు, అన్యాయం అన్నారు. పెరూకు చెందిన ఫాదర్ గుస్తావో గుతియెరెజ్ 1971లో ఆ ఆలోచనను పుస్తకంగా తెచ్చారు. పేదల విముక్తి కోసం నిలబడటమే క్రైస్తవ విశ్వాసం అనే ఈ ఆలోచనే విమోచన వేదాంతం. బ్రెజిల్ పల్లెల్లో, మురికివాడల్లో ఫాదర్ ఎప్పుడో గాని రాని చోట్ల జనమే కూడి బైబిల్ చదివేవారు. బైబిల్లో ఈజిప్టు రాజు ఫరో కింద ఇటుకలు చేసిన బానిసల కథ అయ్యాక మాట తమ కూలి మీదికి, వీధికి రాని నీళ్ల మీదికి మళ్లేది. నలుగురిలో లేచి మాట్లాడటం చాలామంది నేర్చుకున్నది అక్కడే. 1975లో చర్చి వాళ్లు భూమి సమస్యల కమిషన్ పెట్టారు. 1984లో భూమిలేని కూలీల ఉద్యమం సంఘంగా ఏర్పడింది. ఆ కుటుంబాలు రోడ్డు పక్కన నల్ల ప్లాస్టిక్ పట్టాల కింద ఏళ్ల తరబడి కాపురం చేసి భూమి సాధించుకున్నాయి.

ఈ వేదాంతం మార్క్సిజం నుంచి అరువు తెచ్చుకుంటోందని 1984లో వాటికన్ తప్పుపట్టింది. నాకు కనిపించే లోటు వేరు. భూమి దక్కిన రైతుకు విత్తనం, అప్పు, సంతకు దారి కావాలి. ప్రార్థన కూడికలు వాటిని ఇవ్వలేవు. చైనాలో 1978 తర్వాత కోట్లమంది పేదరికం దాటింది ఆర్థిక ఎదుగుదలతోనే. దాన్ని కాదని పేదల పక్షం అనలేం.

అయినా బ్రెజిల్ మట్టుకు ముందు రావలసింది సంఘమే అంటాను. 2003లో మొదలైన బోల్సా ఫమీలియా పేదింటికి నెలనెలా డబ్బు ఇచ్చింది. ఎక్కువగా తల్లి పేరు మీదే ఇచ్చేవారు, పిల్లలు బడికి వెళ్లాలి, టీకాలు వేయించాలి అన్న షరతుతో. 2014కల్లా ఆ దేశం ఐక్యరాజ్యసమితి ఆకలి పటం నుంచి బయటపడింది. ఖర్చుకు డబ్బు ఎదుగుదల నుంచే వచ్చింది. అది పేదింటికి చేరాలని పట్టుబట్టిన వర్కర్స్ పార్టీని 1980లో నిలబెట్టినవాళ్లలో కార్మిక సంఘాలతో పాటు ఆ బైబిల్ కూడికల జనమూ ఉన్నారు.