మందుల సంచి తెమ్మన్న లివర్ క్లినిక్: హనుమకొండలో మా అనుభవం

హనుమకొండ నక్కలగుట్టలో ఉన్న ఈ చిన్న లివర్ క్లినిక్‌కు గత ఐదు నెలల్లో అమ్మను నాలుగుసార్లు తీసుకెళ్లాను. ఫ్యాటీ లివర్ ఉన్న మనిషి అప్పటికే వేరే జబ్బులకు నాలుగైదు రకాల మందులు వాడుతుంటే, వాటిలో ఏది ఉంచాలి, ఏది మానాలి అన్నదే మా సమస్య. అందువల్ల ఈ సమీక్షలో కూడా ప్రధానంగా ఆ విషయమే రాస్తున్నాను.

అమ్మకు 58 ఏళ్లు, మాది పరకాల దగ్గరి ఊరు. కీళ్లవాతానికి మూడేళ్లుగా వారానికి ఒకరోజు మెథోట్రెక్సేట్, షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ వాడుతోంది. కడుపు ఉబ్బరంగా ఉంటోందని మొదట వేరే ఆస్పత్రిలో చూపిస్తే, స్కానింగ్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని, రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) 68కి పెరిగిందని తేలింది. అక్కడి డాక్టర్ రిపోర్టు చూసి మూడు నెలలకు లివర్ టానిక్ రాసిచ్చారే తప్ప, ఇంకే మందులు వాడుతున్నారని ఒక్క మాట కూడా అడగలేదు. మెథోట్రెక్సేట్ దీర్ఘకాలం వాడినవారిలో కాలేయంలో కొవ్వు, గట్టిదనం పెరిగే అవకాశం ఉంటుంది. షుగర్, అధిక బరువు, మద్యం అలవాటు తోడైతే ఆ ముప్పు మరింత ఎక్కువ. అలాంటి మనిషిని ఆ ప్రశ్న అడగకుండా పంపించడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఈలోగా కొలెస్ట్రాల్ గోలీ లివర్‌ను పాడుచేస్తుందని ఎవరో చెప్పడంతో అమ్మ దాన్ని తనంతట తానే మానేసింది.

ఈ క్లినిక్‌కు ఫోన్ చేసినప్పుడు వాళ్లు చెప్పిన మొదటి మాట, ఇంట్లో ఉన్న మందులన్నీ, ఖాళీ అయిన షీట్లతో సహా, ఒక సంచిలో వేసుకొని రమ్మని. డాక్టర్ ఆ సంచిని బల్ల మీద కుమ్మరించి, ఒక్కో షీటును వెనక్కి తిప్పి, పేరు, మోతాదు చదివి, తన చేత్తోనే మూడు కుప్పలుగా పేర్చారు. అందులో ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన తెల్లకాగితపు పొట్లాలు రెండు, ఒక గాజు సీసాలో ఆకుపచ్చని పొడి కూడా ఉన్నాయి. పొట్లాల్లోని గోలీలేమిటో ఆయన ఊహించి చెప్పలేదు. అక్కడే కూర్చోబెట్టి ఆర్‌ఎంపీకి ఫోన్ చేయించారు. ఒకటి డైక్లోఫెనాక్ అనే నొప్పి గోలీ, రెండోది ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ అని తెలిసింది. సీసా సంగతి అడిగితే అమ్మ, "గది మందు కాదు సారూ, తిప్పతీగ పొడి. కరోనా అప్పటిసంది తాగుతున్న" అంది. "నోట్లెకెల్లి పోయేదంతా లివర్ దాటాల్సిందే గదమ్మా, దానికి మందు, ఆకు అన్న తేడా ఉండది" అని ఆయన నెమ్మదిగా చెప్పారు. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారని, ఆయుష్ మంత్రిత్వ శాఖ దానితో ఏకీభవించలేదని కూడా దాచకుండా చెప్పి, అమ్మకు కీళ్లవాతం లాంటి రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన జబ్బు ఉంది కాబట్టి ఆ పొడి వద్దన్నారు. కల్లు, మద్యం గురించి కూడా సూటిగానే అడిగారు. పండుగకో దావత్‌కో తాగుతానని అమ్మ ఒప్పుకుంటే, మెథోట్రెక్సేట్ వాడినన్నాళ్లు అదీ వద్దని చెప్పారు. ఆడమనిషి కదా అని ఆ ప్రశ్న వదిలేయకపోవడం నాకు నచ్చింది.

ఎస్‌జీపీటీ పెరగడానికి ఇదిగో ఈ మందే కారణమని ఆయన వేలెత్తి చూపించలేదు. కాలేయంలో కొవ్వుకు అసలు మూలం షుగర్, బరువేనని, అందుకే 2023లో ఈ జబ్బు పేరును కూడా జీవక్రియ లోపాలను సూచించేలా మార్చారని, స్టెరాయిడ్ షుగర్‌ను, బరువును పెంచి దానికి ఆజ్యం పోస్తుందని వివరించారు. అటోర్వాస్టాటిన్‌ను మళ్లీ మొదలుపెట్టించారు. ఫ్యాటీ లివర్ ఉన్నవారికి గుండెజబ్బు ముప్పే ఎక్కువని, ఎస్‌జీపీటీ ఈమాత్రం పెరిగినందుకు ఆ గోలీ మానకూడదని చెప్పారు. ప్రెడ్నిసొలోన్‌ను ఉన్నపళంగా ఆపితే ప్రమాదం కాబట్టి మోతాదు తగ్గిస్తూ మాన్పించారు. మెథోట్రెక్సేట్ జోలికి మాత్రం సొంతంగా వెళ్లలేదు. కీళ్ల డాక్టర్‌కు ఉత్తరం రాసి, ఇద్దరూ మాట్లాడుకున్నాక, ఫోలిక్ యాసిడ్‌తో పాటు కొనసాగిస్తూ రెండు మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించాలని నిర్ణయించారు.

కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ కూడా అలవాటుగా రాయలేదు. వయసు, ఎస్‌జీపీటీ, అలాంటిదే మరో ఎంజైమ్ ఎస్‌జీఓటీ, ప్లేట్‌లెట్ల సంఖ్యతో ఆ గట్టిదనాన్ని అంచనా వేసే ఫిబ్-4 అనే లెక్క వేస్తే 1.47 వచ్చింది. 1.3 కంటే తక్కువైతే స్కాన్ అవసరం ఉండేది కాదని, 2.67 దాటితే ముదిరిన గట్టిదనాన్ని అనుమానించాలని చూపించి, మధ్యలో ఉంది కాబట్టి పరీక్ష చేయిద్దామన్నారు. అమ్మను వెల్లకిలా పడుకోబెట్టి, కుడిచేయి తల కింద పెట్టించి, పక్కటెముకల మధ్య ఒక పరికరాన్ని ఆనించారు. వేలితో చిటికె కొట్టినట్టు పది పన్నెండుసార్లు తగిలిందే గాని నొప్పి లేదని అమ్మ చెప్పింది. గట్టిదనం 6.8 కిలోపాస్కల్స్ వచ్చింది. ఎనిమిది లోపు కాబట్టి కాలేయం ముదిరి గట్టిపడలేదని చెప్పాక మాకు ఊపిరి వచ్చింది.

లోపాలూ రాయాలి. ఫోన్‌లో "పరగడుపున రండి" అన్నారు. ఫైబ్రోస్కాన్‌కు మూడు గంటలు ఏమీ తినకుండా ఉంటే చాలు. అది తెలియక అమ్మ రాత్రి నుంచి ఏమీ తినకుండా, పొద్దున షుగర్ గోలీ మాత్రం వేసుకొని వచ్చి, రెండున్నర గంటలు బల్ల మీద కూర్చుని, చెమటలు పట్టి వణికిపోయింది. నర్సు గ్లూకోజు నీళ్లు తాగించి సర్దింది గాని, షుగర్ ఉన్నవాళ్లకు ఈ సూచన విడమరిచి చెప్పకపోవడం చిన్న తప్పు కాదు. నేను గట్టిగానే చెప్పాను; తర్వాతిసారి ఫోన్‌లో షుగర్ ఉందా అని అడిగారు.

ఆహారం కాగితం కూడా మొదట నిరాశపరిచింది. ఓట్స్, ఆలివ్ నూనె, బ్రకోలీ అని ఇంగ్లిష్‌లో అచ్చువేసిన కాగితం పరకాల వంటింట్లో ఎందుకు పనికొస్తుంది? మేమడిగితే డైటీషియన్ కూర్చుని తెలుగులో రాసిచ్చారు. రాత్రి అన్నం బదులు ఒకటిన్నర జొన్నరొట్టె, పెసరుపప్పు, ఆకుకూర. సర్వపిండి, సకినాలు పండుగపూటకే. చాయ్‌లో చక్కెర పూర్తిగా బంద్. అమ్మ బరువు 74 కిలోలు. అందులో ఐదు శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గుతుందని, ఏడు నుంచి పది శాతం తగ్గితే వాపు కూడా తగ్గుతుందని చెప్పి, మొదటి లక్ష్యంగా నాలుగు కిలోలు పెట్టారు.

డాక్టర్ ఫీజు 500, ఫైబ్రోస్కాన్ 2,500 రూపాయలు తీసుకున్నారు. స్కాన్ ధర మా లాంటివాళ్లకు బరువే. అయితే టానిక్ ఒక్కటీ రాయలేదు కాబట్టి నెలనెలా అయ్యే ఖర్చు మునుపటి కంటే తగ్గింది. ఆరు వారాలకు ఎస్‌జీపీటీ 43కు, మొన్నటి పరీక్షలో 36కు దిగింది. బరువు 70 కిలోలకు వచ్చింది. పొడి మానినందుకా, బరువు తగ్గినందుకా అని అడిగితే, విడదీసి చెప్పలేనని డాక్టర్ నిజాయితీగా అన్నారు. మోకాళ్ల నొప్పులకు అమ్మ ఇప్పటికీ ఒక్కోసారి ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తోంది, కానీ పొట్లం మీద గోలీ పేరు రాసిస్తేనే తీసుకుంటోంది.