మెహిదీపట్నం రైతు బజార్: మూడు నెలలు వారానికోసారి వెళ్లాక నా అనుభవం

సంక్రాంతి తర్వాత పిల్లల ఫీజు కోసం డబ్బులు సర్దుతూ బ్యాంకు స్టేట్‌మెంట్ తెరిచాను. డిసెంబర్ ఒక్క నెలలో 43 సార్లు సరుకుల యాప్‌కి డబ్బులు వెళ్లాయి. 140, 212, 187, 365, మళ్లీ 199. మొత్తం కలిపితే 11,460 రూపాయలు. ఇందులో బియ్యం లేవు, పాలు లేవు, గ్యాస్ లేదు. కూరగాయలు, పప్పులు, నూనె, సబ్బులు, ఇంకా ఏవేవో. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అత్తయ్య, ఐదుగురం ఉండే ఇల్లు మాది, అత్తాపూర్‌లో. పెద్ద ఖర్చులేవీ చేయట్లేదు కదా, మరి నెలాఖరుకి చేతిలో ఎందుకు మిగలట్లేదు అని మేమిద్దరం ఎన్నోసార్లు అనుకున్నాం. సమాధానం ఆ 43 ఆర్డర్లలో ఉంది.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని ఒక్కో బిల్లూ చదివాం. కొత్తిమీర కట్ట అయిపోయిందని తెరిచిన ఆర్డర్‌లో చిప్స్ రెండు, ఒక కూల్‌డ్రింక్, రూమ్ ఫ్రెషనర్. ఎందుకంటే 199 దాటకపోతే డెలివరీ చార్జీ పడుతుంది. 25 రూపాయల చార్జీ తప్పించుకోవడానికి 150 రూపాయల అక్కర్లేని వస్తువులు తెప్పించుకున్నాం, అదీ నెలలో ఇరవై సార్లకు పైగా. చార్జీ పడినవి ఎలాగూ పడ్డాయి, హ్యాండ్లింగ్ అని ఒకటి, వాన పడితే ఇంకొకటి, అవన్నీ కలిపితేనే 600 దాటాయి. వస్తువు చేతికి రాకుండానే పోయిన డబ్బు అది. పాపం అత్తయ్య "మా రోజుల్లో సంచి పట్టుకుని వెళ్లేవాళ్లం, సంచి నిండితే ఇంటికొచ్చేవాళ్లం" అన్నారు. ఆ మాటతోనే ఇద్దరి ఫోన్లలోనూ యాప్ తీసేసి, కూరగాయలకి వారానికోసారి మెహిదీపట్నం రైతు బజార్‌కి, కిరాణాకి నెలకోసారి మా వీధి కొట్టుకి వెళ్లాలని నిర్ణయించుకున్నాం. మూడు నెలలు దాటింది. ఎలా ఉందో, ఏది బాగుందో, ఏది కష్టమో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

తెలియని వాళ్లకి ముందు ఒక మాట. రైతు బజార్లు 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలయ్యాయి. పండించిన రైతే మధ్యలో దళారి లేకుండా నేరుగా మనకి అమ్ముకోవాలన్నది ఆలోచన. రైతులకి గుర్తింపు కార్డులిస్తారు, పొద్దున్నే ఆ రోజు రేట్లు బోర్డు మీద రాస్తారు, మొత్తం చూసుకోవడానికి ఎస్టేట్ ఆఫీసర్ ఉంటారు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, మెహిదీపట్నం బజార్లు అందరికీ తెలిసినవే. మెహిదీపట్నానికి చేవెళ్ల, శంకర్‌పల్లి, మొయినాబాద్ వైపు ఊళ్ల నుంచి సరుకు వస్తుంది. అందుకే ఇక్కడ ఆకుకూరలు, టమాటా, బీర, దొండ, సొర చాలా బాగుంటాయి. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, అల్లం బయటి నుంచి వచ్చేవే కాబట్టి వాటి రేటులో పెద్ద తేడా ఉండదు, అవి మా వీధిలో కొన్నా ఒకటే.

ఎలా వెళ్తానో కూడా చెప్తాను, ఎందుకంటే ఆదా అంతా ఆటో ఖర్చుకి పోతే ఇక ప్రయోజనం లేదు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. అత్తాపూర్ నుంచి మెహిదీపట్నానికి బస్సులకి కొదవ లేదు. మొదటి వారం మా ఆయన బండి మీద వెళ్లాం, ఆ చౌరస్తా దగ్గర బండి పెట్టడానికి చోటు వెతుక్కునేసరికే ఇరవై నిమిషాలు పట్టింది. అప్పటి నుంచి నేనొక్కదాన్నే బస్సులో వెళ్తున్నాను. రెండు గుడ్డ సంచులు తీసుకెళ్తాను. ఆ రెండూ నిండితే మోసుకుని మళ్లీ బస్సెక్కాలి కాబట్టి, మూడో సంచికి సరిపడా కొనాలని మనసుకి అనిపించినా చెయ్యి ఒప్పుకోదు. యాప్‌లో వేలితో నొక్కితే చాలు కదా, బరువు ఎవరో మోస్తారు. నా చేతికి బరువు తెలిసేసరికి ఇంటికి ఎంత కావాలో తెలిసింది, ఈ మూడు నెలల్లో నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఇదే.

లోపలికి వెళ్లగానే ముందు రేట్ల బోర్డు చూడండి. ఆ అలవాటు లేకపోతే రైతు బజార్‌కి వెళ్లి ఉపయోగం సగమే. నేను ఫోన్‌లో ఫొటో తీసుకుంటాను, తర్వాత ఒక చుట్టు ఖాళీ సంచితో తిరుగుతాను, ఏమీ కొనకుండా. రెండో చుట్టులో కొంటాను. మొదటి చుట్టులోనే కొన్న రోజు టమాటా మొదటి వరసలో కొనేశాను, చివరి వరసలో అంతకన్నా మంచి కాయ అదే రేటుకి ఉంది. తూకం విషయానికొస్తే, లోపల నాకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. రోడ్డు మీద ఒక తోపుడు బండి దగ్గర కిలో అని ఇచ్చిన ద్రాక్ష ఇంటికొచ్చి తూచితే 800 గ్రాములే ఉంది, ఆ తర్వాత దారిలో పళ్లు కొనడం మానేశాను.

ఆకుకూరలమ్మే ఒక పెద్దమ్మ గురించి తప్పకుండా రాయాలి. రెండో వారం ఆవిడ దగ్గర పాలకూర, తోటకూర, గోంగూర, చుక్కకూర, మెంతికూర అన్నీ తాజాగా కనిపించేసరికి ఆశపడి పది కట్టలు తీసుకోబోయాను. ఆవిడ నా చేతిలోంచి నాలుగు కట్టలు వెనక్కి తీసుకుంది. "ఇంట్ల ఎంతమంది ఉన్నరు బిడ్డా? ఐదుగురికి ఇవి సాలు, ఎక్కువ కొంటే ఖరాబైతది. మళ్ల వారం వస్తవు గదా" అంది. అమ్ముకునే మనిషి, ఎండకి కూర వాడిపోతుందని భయం ఉండే మనిషి, నాకు తక్కువ కొనుక్కోమని చెప్పింది. ఇంటికొచ్చి ఫ్రిజ్ అడుగున కుళ్లిపోయి ఉన్న వెనకటి కొత్తిమీర చూశాక ఆవిడ మాట విలువ అర్థమైంది. అంతకుముందు వారం వారం ఎంత కూర చెత్తబుట్టలో పడేశానో తలుచుకుంటే బాధేసింది. ఇప్పుడు ఆకుకూర ఎప్పుడూ మొదటి రెండు రోజుల్లో వండేస్తాను, తర్వాత బెండ, దొండ, చిక్కుడు, వారం చివరికి సొరకాయ, గుమ్మడి, ఆలుగడ్డ. కొత్తిమీర వేళ్లు కోసి, కడగకుండా, పాత కాటన్ గుడ్డలో చుట్టి పెడితే వారం ఉంటుంది. ఈ వరస పాటించడం మొదలుపెట్టాక పారేసేది దాదాపు లేదు.

ఇక మానేసిన వాటి సంగతి. నేను మొదట అనుకున్నది, రైతు బజార్‌లో రేటు తక్కువ కాబట్టి డబ్బు మిగులుతుందని. నిజంగా లెక్క రాస్తే అలా తేలలేదు. ఇప్పుడు కూరగాయలు, పళ్లకి వారానికి 900 లోపు, కిరాణాకి నెలకి 4,300 వరకు అవుతోంది, అంటే నెలకి 7,900 దగ్గర. డిసెంబర్‌తో పోలిస్తే 3,500 తగ్గింది. అందులో రేటు తేడా వల్ల మిగిలింది వెయ్యి లోపే ఉంటుంది. మిగతా 2,500 యాప్ చార్జీలది, కొనకుండా ఆగిపోయిన వస్తువులది. అల్లం వెల్లుల్లి పేస్ట్ డబ్బా, కోసిన పండ్ల ముక్కల పెట్టె, వంటింటి టిష్యూ రోల్, రకరకాల వాసనల ఫ్లోర్ క్లీనర్లు, వారానికి మూడు ఇడ్లీ పిండి ప్యాకెట్లు.

ఇడ్లీ పిండి దగ్గర కాస్త ఎక్కువ చెప్తాను, చాలా ఇళ్లలో ఇది జరుగుతోంది. గ్లాసు మినపగుళ్లకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ, రాత్రి రుబ్బి పెడితే పొద్దున్నకి పులుస్తుంది, ఐదుగురికి రెండు పూటలు వస్తుంది. ఇది నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. గ్రైండర్ కూడా ఇంట్లోనే ఉంది. అయినా రెండేళ్లుగా ప్యాకెట్ కొన్నాను, ఆఫీసు నుంచి వచ్చేసరికి ఓపిక ఉండదని. ఇప్పుడు ఆదివారం, బుధవారం అని రెండు రోజులు పెట్టుకున్నాం, మినపగుళ్లు నానబెట్టడం మా పెద్దవాడి పని, రుబ్బడం మా ఆయన పని. మూడు ప్యాకెట్ల డబ్బుతో వచ్చే మినపగుళ్లు, రవ్వ మాకు రెండు వారాలకి పైగా సరిపోతున్నాయి. రుచిలో కూడా తేడా ఉంది, అత్తయ్య మళ్లీ రెండో ఇడ్లీ అడుగుతున్నారు.

పప్పులు విడిగా తూచి ఇచ్చే కొట్టులో కొంటున్నాం. 2022 జులై 18 నుంచి లేబుల్ వేసిన చిన్న ప్యాకెట్లలోని పప్పులు, బియ్యం మీద 5 శాతం జీఎస్టీ ఉంది, విడిగా కొంటే లేదు. తేడా కొద్దిగానే కానీ, అసలు లాభం వేరే ఉంది: కావలసినంతే కొనుక్కోవచ్చు. మెంతులు, ఆవాలు మాకు 100 గ్రాములు చాలు, యాప్‌లో అరకిలో ప్యాకెట్ చవకగా కనిపించి కొన్నది ఇంకా డబ్బాలో పురుగు పట్టి కనిపించింది. ఒంటి సబ్బులు, షాంపూ, టూత్‌పేస్ట్, తల నూనె మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 నుంచి 5 శాతానికి తగ్గింది కదా, ఆ తగ్గిన డబ్బుతో రెండు ఎక్కువ కొనకుండా నెల జాబితాలో రాసినవే కొంటున్నాం. ఒకసారి ఇదే ఊపులో బేగం బజార్‌కి కూడా వెళ్లాను. అక్కడ నిజంగానే హోల్‌సేల్ రేట్లు, జీడిపప్పు, మసాలా దినుసులు పెళ్లిళ్లకి, పండగలకి కొనేవాళ్లకి దాన్ని మించింది లేదు. కానీ ఐదుగురి ఇంటికి నేను 1,900 రూపాయల సామాను, అందులో అవసరం లేని స్టీలు డబ్బాల సెట్టు పట్టుకుని వచ్చాను. చవక అనిపించిన చోట నాకు చెయ్యి ఆగదని అప్పుడు తెలిసింది. మళ్లీ వెళ్లలేదు, సంవత్సరానికి సరిపడా చింతపండు, ఎండుమిర్చి కొనేటప్పుడు మాత్రం వెళ్తాను.

కష్టాలు కూడా ఉన్నాయి. ఆదివారం పొద్దున జనం విపరీతం, నడవడానికి కూడా చోటుండదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్లొద్దు. మామూలు రోజు పొద్దున ఏడు, ఏడున్నరకి వెళ్తే తాజా సరుకు, తక్కువ రద్దీ. సాయంత్రం చీకటి పడే వేళ వెళ్తే రేటు తగ్గిస్తారు గానీ ఆకుకూర వాడిపోయి ఉంటుంది. ఇంటికొచ్చాక ఒక వంకాయ పుచ్చు తేలితే వెనక్కి ఇచ్చే వీలుండదు, కాబట్టి ఏరుకోవడం మన బాధ్యత. చిల్లర దగ్గర పెట్టుకోండి. ఫోన్ పేమెంట్ చాలామంది తీసుకుంటారు కానీ కొందరు పెద్దవాళ్లు నోట్లే అడుగుతారు. వారంలో రెండు గంటలు ఈ పనికే పోతాయి. షిఫ్టుల్లో ఉద్యోగం చేసేవాళ్లకి, చంటిపిల్లలున్న వాళ్లకి ఇది అంత తేలిక కాదు, వాళ్లు యాప్ వాడితే తప్పు పట్టను. ఒక రాత్రి పదిన్నరకి చిన్నదానికి వాంతులై ఓఆర్ఎస్ ప్యాకెట్లు కావాల్సి వచ్చినప్పుడు పక్కింటివాళ్ల ఫోన్ నుంచి మేమూ తెప్పించుకున్నాం. ఎండల్లో, వానలో బండి మీద వచ్చే ఆ డెలివరీ పిల్లలంటే నాకు గౌరవమే. చిప్స్ ప్యాకెట్ కోసం వాళ్లని పరుగెత్తించడం మాత్రం మానేశాం.

పిల్లలు మొదటి రెండు వారాలు గొడవ చేశారు, చిన్నది ఏడ్చింది కూడా. ఇప్పుడు వారానికి ఇద్దరికీ చెరి 50 రూపాయలు ఇస్తున్నాం, ఏం కొనుక్కోవాలో వాళ్లిష్టం. పెద్దవాడు మూడు వారాలు దాచి షటిల్ కాక్‌లు కొనుక్కున్నాడు. ఇంట్లో ఒక నోట్‌బుక్ ఫ్రిజ్ మీద ఉంటుంది, అయిపోయింది అనిపించినప్పుడు అందులో రాయాలి, ఆ రోజే కొనకూడదు. వారం ఆగితే రాసిన వాటిలో సగం మేమే కొట్టేస్తున్నాం. ఉదాహరణకి గత నెల నాన్‌స్టిక్ పెనం రాశాను, ఉన్న ఇనుప పెనానికి నూనె, ఉల్లిపాయ ముక్క రాసి నాలుగు రోజులు వాడేసరికి దోసె అంటుకోవడం ఆగిపోయింది.

రేటింగ్ ఇవ్వాలంటే 5కి 4 ఇస్తాను. ఒక మార్కు ఆదివారం రద్దీకి, మోత బరువుకి తగ్గించాను. కొత్తగా వెళ్లేవాళ్లు మొదటి నెల సంపూర్ణంగా అలవాటు పడాలని చూడకండి, కూరగాయలు ఒక్కటే మార్చండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

ఇప్పుడు చింతచిగురు వస్తోంది, పచ్చి మామిడికాయ కూడా. చింతచిగురు యాప్‌లో నేనెప్పుడూ చూడలేదు, పెద్దమ్మ దగ్గర మాత్రం పోయిన వారం కుప్పగా పోసి ఉంది. పావుకిలో తీసుకుని పప్పులో వేశాను. ఈ వారం రొయ్యల్లోకి కావాలని అత్తయ్య అడిగారు, అందుకే పావుకిలోకి బదులు అరకిలో తేవాలని నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నాను.