హెచ్.సి. వర్మ మొదటి భాగం: ఏళ్ల తరబడి మెకానిక్స్ లెక్కలు చేశాక

జేఈఈకి మెకానిక్స్ (బలాలు, కదలికల గురించిన ఫిజిక్స్) గట్టిపడాలి, ఒక్క పుస్తకమే కొనగలం, ఏది కొనాలి అని ఎవరడిగినా నేను చెప్పేది హెచ్.సి. వర్మ ‘కాన్సెప్ట్స్ ఆఫ్ ఫిజిక్స్’ మొదటి భాగమే. ఇంటర్ ఎంపీసీలో దానితోనే చదివాను. ఇప్పుడు సాయంత్రాలు పిల్లలకు ఫిజిక్స్ చెప్పేటప్పుడూ అదే తెరుస్తాను. ఐఐటీ కాన్పూర్ ప్రొఫెసర్‌గా చేసినాయన రాసిన పుస్తకం, 1992లో వచ్చింది. ఇంగ్లిష్ చాలా సులువు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లకూ ఇబ్బంది ఉండదు.

దీని బలమంతా న్యూటన్ నియమాల అధ్యాయంలో ఉంది. ఏ వస్తువు గురించి మాట్లాడుతున్నామో ముందు తేల్చుకోవాలి, దాని మీద పనిచేసే బలాలు గుర్తించాలి, ఫ్రీ బాడీ డయాగ్రమ్ (ఆ ఒక్క వస్తువునూ దాని మీది బలాల బాణాలనూ చూపే బొమ్మ) గీయాలి, అక్షాలు ఎంచుకుని సమీకరణాలు రాయాలి. ఈ నాలుగు మెట్లు చేతికి అలవాటైతే పుల్లీకో ఫార్ములా, వెడ్జ్‌కో (వాలు దిమ్మెకో) ఫార్ములా బట్టీ పట్టే పని ఉండదు.

నా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామంది ఘర్షణ అనగానే మ్యూఎన్ (ఘర్షణ గుణకాన్ని నేల పైకి నెట్టే బలంతో గుణిస్తే వచ్చేది) అని రాసేస్తారు. 2 కిలోల బ్లాక్ నేల మీద కదలకుండా ఉంది, ఘర్షణ గుణకం 0.5, అడ్డంగా 6 న్యూటన్ల బలంతో లాగుతున్నాం. జీ (గురుత్వ త్వరణం) విలువ 10 అనుకుంటే మ్యూఎన్ 10 న్యూటన్లు. ఘర్షణ నిజంగా అంతే ఉంటే, లాగుతుంటే బ్లాక్ వెనక్కి పోవాలి! బొమ్మ గీయమంటే వాళ్లకే తెలిసిపోతుంది, ఘర్షణ 6 న్యూటన్లేనని.

ప్రతి అధ్యాయం చివర చిన్న ప్రశ్నలు, రెండు రకాల ఆబ్జెక్టివ్‌లు ఉంటాయి. అందరూ వాటిని దాటేసి ఎక్సర్‌సైజ్ లెక్కల మీద పడతారు. దయచేసి ఆ పని చేయకండి. ఒకటి కంటే ఎక్కువ సరైన జవాబులుండే రెండో ఆబ్జెక్టివ్‌లోనే మనకు ఏది సగం సగం తెలుసో బయటపడుతుంది.

రొటేషన్ (తిరిగే వస్తువుల) అధ్యాయం దగ్గర మాత్రం నిదానంగా వెళ్లాలి. 2002 ఐఐటీ ప్రవేశ పరీక్ష మొదటి దశ అయిన స్క్రీనింగ్‌లో ఒక ప్రశ్న వచ్చింది: సిలిండర్ జారకుండా దొర్లుతూ వాలుతలం పైకి వెళ్లి, మళ్లీ కిందికి వస్తుంది, ఘర్షణ ఎటు? రెండుసార్లూ పైకే. పైకెళ్లేటప్పుడు వేగంతో పాటు తిరగడమూ తగ్గాలి కదా, ఆ టార్క్ (తిరగడాన్ని మార్చే బల ప్రభావం) ఇచ్చేది ఘర్షణ ఒక్కటే. టార్క్ సమీకరణం రాసే అలవాటున్నవాళ్లకు ఇది అర నిమిషం పని.

ఎక్సర్‌సైజ్‌లకు చివర జవాబులే ఉంటాయి, సొల్యూషన్లు ఉండవు. నాకది మంచిదే అనిపిస్తుంది. ఫోన్‌లో సొల్యూషన్ పక్కన పెట్టుకుని చేస్తే పుస్తకం కొన్న డబ్బు దండగ.

లోటు వేగం దగ్గర. ఇంజినీరింగ్ సీట్ల కోసం రాసే ఎప్‌సెట్‌లో 3 గంటల్లో 160 బిట్లు, అందులో ఫిజిక్స్ 40. ఆ పరుగు ఈ పుస్తకం నేర్పదు, దానికి టైమ్ పెట్టుకుని మాక్ టెస్టులు రాయాల్సిందే. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో రెండు మూడు అధ్యాయాలు కలిపి అడుగుతారు. ఇందులో లెక్కలు ఎక్కువగా ఆ అధ్యాయం గీత దాటవు. అందుకే సెకండియర్‌లో పాత పేపర్లు తోడు పెట్టిస్తాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు గ్రావిటేషన్, ఫ్లూయిడ్స్ తర్వాత చూసుకోవచ్చు. సెంటర్ ఆఫ్ మాస్ (ద్రవ్యరాశి కేంద్రం) అధ్యాయం పూర్తి కాకుండా మాత్రం రొటేషన్ తెరవొద్దు.