విశాఖలో రెండు రోజులు, రైల్లో దొరికిన తోడుతో

నల్గొండలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కేటప్పుడు నేను ఒక్కదాన్నే. మర్రిగూడ దిక్కు నుంచి వచ్చిన పెద్దమ్మ, పెద్దనాయిన నా ఎదురు బెర్తుల్లో కూర్చున్నారు. మిర్యాలగూడలో ఒక తమ్ముడు ఎక్కాడు, రైస్ మిల్లులో పని చేస్తాడట. సద్ది విప్పి జొన్నరొట్టెలు పంచుకున్నాక, నలుగురం కలిసే తిరుగుదామని అనుకున్నాం. ఆటో ఖర్చు కలిసొస్తుంది, నాకూ ఒంటరిగా తిరిగే టెన్షన్ తప్పుతుంది.

బీచ్ దగ్గర నేను ఫోన్‌లో మాట్లాడుకున్న లాడ్జిలో మొదటి దెబ్బ తగిలింది. 1,200 అన్న గదికి కౌంటర్ దగ్గర 1,800 అడిగారు. సముద్రం కనిపిస్తుందన్న కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ గోడ. తమ్ముడు గట్టిగా మాట్లాడి నా అడ్వాన్స్ వాపసు ఇప్పించాడు. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర రెండు గదులు దొరికాయి. గదులు చిన్నవే కానీ శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు వచ్చాయి, సిటీ బస్సులన్నీ అందుబాటులో ఉన్నాయి. కుటుంబంతో వెళ్లేవాళ్లకు నేను అక్కడే ఉండమంటాను.

ఆర్కే బీచ్‌లో పెద్దమ్మ దోసిట్లో నీళ్లు తీసుకుని నోట్లో పోసుకుంది. వెంటనే ఉమ్మేసి, "గిన్ని నీళ్లుండి తాగనీకి చుక్క పనికి రాదా బిడ్డా" అంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి మోకాళ్లు వంకరపోయిన ఊళ్ల నుంచి వచ్చిన మనిషి ఆమె. ఇప్పుడు ఇంటికి కృష్ణా నీళ్లు వస్తున్నా, ఆ మాట ఆమె నోట వింటే నాకు గుండె పట్టేసినట్టయింది.

కురుసుర జలాంతర్గామి తప్పకుండా చూడాలి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విశ్రాంతి తీసుకుంది, మరుసటి ఏడాది మ్యూజియం అయింది. లోపల ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి ఇరుకు ద్వారాల్లోంచి వంగి దాటాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కష్టం. పెద్దనాయిన బయటే కూర్చున్నాడు. సోమవారం సెలవు, గుర్తుంచుకోండి. కైలాసగిరి మాత్రం మిట్టమధ్యాహ్నం ఎక్కి పొరపాటు చేశాం. సాయంత్రం వెళ్తేనే బాగుంటుంది.

సింహాచలంలో స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు, అక్షయ తృతీయ నాడే నిజరూపం. యాదగిరిగుట్ట నరసింహుణ్ణి కొలిచే పెద్దమ్మకు అదొక ఆశ్చర్యం.

నాకు అన్నిటికంటే నచ్చింది భీమిలి దారిలోని తొట్లకొండ. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు. వాన నీళ్లు పట్టుకోవడానికి రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ పేరు. కింద చూపు ఆనినంత దూరం సముద్రం, పైన తాగే నీళ్ల కోసం రాయి తొలుచుకున్న మనుషులు. పెద్దనాయిన ఆ తొట్టి అంచున చాలాసేపు నిలబడ్డాడు. "వాన నీళ్లే మంచియని వీళ్లకు అప్పుడే ఎరుక" అన్నాడు. మన సూర్యాపేట జిల్లా ఫణిగిరి గుట్ట మీద కూడా ఇలాంటి బౌద్ధ శిథిలాలే ఉన్నాయని చెబితే, తిరిగి వెళ్లాక చూస్తానన్నాడు.

బీచ్ రోడ్డు వరకు సిటీ బస్సులో వెళ్లొచ్చు, కొండ పైకి మాత్రం ఆటో మాట్లాడుకోవాలి. తిరుగు ప్రయాణానికి కూడా అదే ఆటోను ఆపుకోండి, పైన ఇంకొకటి దొరకడం కష్టం. పొద్దున్నే వెళ్లండి, నీడ తక్కువ. తాగే నీళ్లు మీరే తీసుకెళ్లండి.