రాఖ్మానినోఫ్ రెండో పియానో కాన్సర్టో: ఎవరిది వినాలి?

వెస్టర్న్ క్లాసికల్ గురించి ఏం రాసినా చివరికి ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది: "రాఖ్మానినోఫ్ సెకండ్ కాన్సర్టో ఎవరిది వినమంటారు?" రష్యన్ కంపోజర్, పియానిస్టు రాఖ్మానినోఫ్ పియానోకీ ఆర్కెస్ట్రాకీ కలిపి రాసిన కృతి ఇది. సంగీతం రాయలేక కుంగిపోయిన ఆయనకి డాక్టర్ డాల్ చేసిన వైద్యం, 1901 మాస్కో ప్రదర్శన, ఆ కథంతా పక్కన పెట్టి నేరుగా రికార్డింగుల్లోకి వెళ్దాం.

చాలామంది పియానో ఒక్కటే వాయించే మొదటి ఎనిమిది బార్ల (తాళం లెక్కలో చిన్న ముక్కల) దగ్గరే తీర్పు చెప్పేస్తారు. గంటలు మోగినట్టుండే ఆ కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) ఎంత బరువుగా, ఎంత నెమ్మదిగా పడ్డాయన్నదే వాళ్ల లెక్క. నా చెవి మాత్రం ఆ తరవాతి పేజీ మీద ఉంటుంది. వయొలిన్లు, వయోలాలు, క్లారినెట్ కలిసి అసలు పాట ఎత్తుకుంటాయి. పియానో అప్పుడు ఆ పాట జోలికే పోదు, అడుగున ఆర్పెజియోలు (కార్డులోని స్వరాల్ని ఒకదాని తరవాత ఒకటిగా వాయించడం) అల్లుకుంటూ ఉంటుంది. అంటే మెయిన్ ఆర్టిస్టుగా వచ్చినాయన కచేరీ మొదలవగానే పక్కవాద్యం వాయించాలి. రెండో భాగంలోనూ అంతే. ఫ్లూటు, ఆ తరవాత క్లారినెట్ పాడుతుంటే పియానో ట్రిప్లెట్లు (మూడేసి స్వరాల గుంపులు) నడిపిస్తుంది, కాసేపటికి పాట పియానో చేతికొస్తుంది. పక్కవాద్యం బాగా వాయించినవాడే నా లెక్కలో ఈ కాన్సర్టో బాగా వాయించినవాడు.

ఆ లెక్కన నా ఓటు రాఖ్మానినోఫ్ స్వయంగా కండక్టర్ స్టొకోవ్‌స్కీతో, ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాతో చేసిన 1929 రికార్డింగుకే. కొత్తగా వినేవాళ్లు ఆ వేగానికి ఉలిక్కిపడతారు. మొదటి భాగం 10 నిమిషాల లోపే అయిపోతుంది. 78 ఆర్‌పీఎం రికార్డుకి ఒక్కో వైపు పట్టేది నాలుగైదు నిమిషాలే కాబట్టి తొందరపడ్డాడని కొందరంటారు. నేను నమ్మను. స్కోరులో (సంగీతం రాసిన ప్రతిలో) అచ్చయిన మెట్రోనోమ్ గుర్తు, అంటే వేగం చెప్పే అంకె, నిమిషానికి 66 హాఫ్ నోట్లు, అది కూడా నెమ్మదైనదేం కాదు. ఆ నడకలో ఆర్పెజియోలు స్వరాలుగా విడిపోకుండా ఒకే ఊపులో సాగుతాయి. పైన ఫిలడెల్ఫియా తీగవాద్యాలు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతూ వెళ్తాయి. కర్ణాటక సంగీతం విని పెరిగిన చెవికి ఆ జారు ఇట్టే పట్టుబడుతుంది. ఇప్పటి ఆర్కెస్ట్రాలు దాన్ని దాదాపు వదిలేశాయి, నాకైతే అది నష్టమే.

ఎవరినడిగినా ముందు చెప్పేది పియానిస్టు రిక్టర్ పేరు. 1959లో వార్సా ఫిల్హార్మోనిక్‌తో, విస్లోత్స్కీ కండక్టరుగా చేసింది. మొదటి కార్డులు ఎంత నెమ్మదంటే తరవాతిది వస్తుందా రాదా అని టెన్షన్ పుడుతుంది. మొదటి భాగం 11 నిమిషాలు దాటుతుంది. ఆ నెమ్మదిలో అడుగున పియానో వాయించే ప్రతి స్వరం తేటగా వినిపిస్తుంది, అదే ఇంకో పాటలా ఉంటుంది. నా ఫిర్యాదు కూడా అదే. తీగవాద్యాలు పియానో కోసం ఆగుతున్నట్టు, పక్కవాద్యమే కచేరీ నడుపుతున్నట్టు అనిపిస్తుంది.

అయితే అదే భాగంలో ముందుకెళ్తే మొదటి పాట తిరిగొచ్చే చోటు ఒకటుంది. స్కోరులో "మయెస్టోసో, అల్లా మార్చా" (గంభీరంగా, కవాతులా) అని ఉంటుంది. పాట మళ్లీ ఆర్కెస్ట్రాదే, పియానో దాని మీద కవాతు లయలో కార్డులు దంచుతుంది. 1929 మైకులు ఆ మోతకి తట్టుకోలేవు, అన్నీ కలిసి ముద్దయిపోతాయి. రిక్టర్ దగ్గర ప్రతి కార్డూ దేనికది నిలబడుతుంది. అక్కడ ఆయనకి ఎదురులేదు. ఈ ఒక్క పేజీ కోసం నేనూ ఆ రికార్డింగు దగ్గరికే పోతాను.

పియానిస్టు అష్కెనాజీ, కండక్టర్ ప్రెవిన్, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా కలిసి 1970-71లో డెక్కా రికార్డు కంపెనీకి చేసిన రికార్డింగు నిండుగా, వెచ్చగా ఉంటుంది. మొదటి పాటలో పియానో అక్కడక్కడా మునిగిపోతుంది. హాల్లో కూర్చుని విన్నా చాలాసార్లు ఇంతే కాబట్టి దాన్ని పెద్ద తప్పుగా పట్టను. రెండో భాగం మాత్రం దీంట్లోనే వినాలి. క్లారినెట్‌కి చోటిచ్చి పియానో ఎంత హాయిగా తప్పుకుంటుందో! ఈ కాన్సర్టో ఎప్పుడూ విననివాళ్లకి మొదట ఇదే పంపిస్తాను.

మిగతావి గబగబా. జంట పేర్లలో మొదటిది పియానిస్టుది, రెండోది కండక్టరుది. పాత రికార్డుల బరబర భరించలేమనేవాళ్లకి హఫ్, లిటన్ డాలస్‌లో చేసిన లైవ్ రికార్డింగు ఉంది. రాఖ్మానినోఫ్ నడకకి దగ్గరగా, ఇప్పటి సౌండుతో దొరుకుతుంది. 2003లో వచ్చిన జిమర్‌మాన్, ఒజావాల డిస్కులో ప్రతి స్వరానికీ మెరుగు పెట్టారు, నాకు ఆ మెరుగు కాస్త ఎక్కువైంది. రూబిన్‌స్టైన్, రైనర్‌లది (1956) చురుగ్గా సాగిపోతుంది. పియానిస్టు ట్రిఫోనోవ్‌ది కూడా ఫిలడెల్ఫియాతోనే, ఒకసారి వినొచ్చు.

ఏది విన్నా ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు. ఆ మొదటి కార్డుల అడుగున మోగే కింది ఎఫ్ స్వరం దాంట్లో వినపడదు.